చెస్ కంప్యూటర్లు తయారుచేసేవారికి పర్లాకిమిడి నుంచి ఒక బహిరంగ లేఖ

నమస్కారం.

మనం బోర్డు మీద పావు జరిపితే తన ఎత్తు తాను వేసే చెస్ కంప్యూటర్లను తయారుచేస్తున్న కంపెనీలన్నిటికీ ఈ లేఖ. మ్యూనిక్‌లో ఉన్నవారికీ, నెదర్లాండ్స్‌లో ఉన్నవారికీ, ముంబయిలో ఉన్నవారికీ కలిపి రాస్తున్నాను. ఇలాంటి యంత్రం ఒకటి మన దేశంలోనే చేద్దామని ఆలోచిస్తున్న ఇంజినీరింగ్ కుర్రాళ్లు ఎక్కడైనా ఉంటే వాళ్లు కూడా చదవాలని నా కోరిక.

మాది ఒడిశాలో గజపతి జిల్లా పర్లాకిమిడి. ఊరు దాటితే పాతపట్నం, అంటే ఆంధ్రా. ఇళ్లలో తెలుగు, ఆఫీసుల్లో ఒడియా, బజార్లో ఏది ముందు నోటికొస్తే అది. నాకు ఇక్కడ రేడియోలు, టీవీలు, ఇన్వర్టర్లు బాగుచేసే కొట్టు ఉంది. సాయంత్రం పని తగ్గాక కొట్టు ముందు బల్ల మీద చదరంగం పరుస్తాం. రిటైరైన మాస్టార్లు, రైల్వే ఉద్యోగులు, కాలేజీ పిల్లలు వస్తారు. కాశీనగర్ నుంచీ గుణుపురం నుంచీ పని మీద ఊళ్లోకొచ్చిన వాళ్లు ఒక ఆట ఆడి బస్సెక్కుతారు. ఈ ఆటగాళ్ల ఇళ్లలోనే కొందరి దగ్గర పాత చెస్ కంప్యూటర్లు ఉన్నాయి. గల్ఫ్ నుంచో అమెరికా నుంచో బంధువులు ఎప్పుడో తెచ్చినవి. అవి పాడైతే నా దగ్గరికే వస్తాయి. అందుచేత మీ యంత్రాలతో నాకు రెండు రకాల పరిచయం: ఎదురుగా కూర్చుని ఆడటం, వెనక స్క్రూలు విప్పి చూడటం. ఈ లేఖలో నేను అడిగేవి మా బల్ల దగ్గర అందరం మాట్లాడుకున్నవే.

మొదట మీ డబ్బాల మీద పెద్ద అక్షరాలతో వేసే, యంత్రం ఎంత బలంగా ఆడుతుందో చెప్పే ఆ రేటింగ్ అంకె గురించి. ఒకప్పుడు దానికి అర్థం ఉండేది. ఇళ్లకు అమ్మిన మొదటి చెస్ కంప్యూటర్, ఫిడెలిటీ వారి చెస్ ఛాలెంజర్, 1977లో వచ్చింది. ఎత్తును మీటలు నొక్కి చెప్పాలి, ఆడటం కూడా అంతంతమాత్రమే. అక్కడి నుంచి పదిహేనేళ్లు అందరూ బలం కోసమే పరుగెత్తారు, పరుగెత్తాల్సిన కాలం కూడా అది. రిచర్డ్ లాంగ్ రాసిన ప్రోగ్రాములతో జర్మనీ వారి మెఫిస్టో యంత్రాలు ఏటా మైక్రోకంప్యూటర్ల ప్రపంచ పోటీల్లో గెలిచేవి. గెలిచిన ఊరి పేరే ఆ మోడల్‌కి పెట్టేవారు: 1985లో ఆమ్‌స్టర్‌డాం, 1986లో డల్లాస్, 1987లో రోమా, ఆ తర్వాత ఆల్మేరియా, పోర్టొరోజ్, లియోన్, వాంకూవర్. అప్పట్లో ఒక క్లబ్బు ఆటగాడికి తనకంటే గట్టి ప్రత్యర్థి ఇంట్లో దొరకడం పెద్ద సంగతే. 1997 మేలో డీప్ బ్లూ అనే కంప్యూటర్ అప్పటి ప్రపంచ ఛాంపియన్ కాస్పరోవ్‌ను ఓడించింది. ఇప్పుడైతే పదో తరగతి పిల్లాడి ఫోన్‌లో ఉచితంగా దొరికే చెస్ ప్రోగ్రాము స్టాక్‌ఫిష్ ప్రపంచ ఛాంపియన్‌కు కూడా అందనంత ఎత్తులో ఆడుతుంది. ఇక మీరు ఆ అంకెను ఇంకో మూడు వందలు పెంచితే మాకు ఒరిగేదేమీ లేదు. మమ్మల్ని ఓడించే యంత్రం మా జేబుల్లోనే ఉంది. మేం డబ్బు పెట్టి కొనాలనుకునేది మాతో ఆడే యంత్రాన్ని.

మాతో ఆడటం అంటే ఏమిటో కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఎక్కువ యంత్రాలు తప్పేది ఇక్కడే.

మీ యంత్రాల్లో కింది లెవెల్స్ ఉంటాయి. మూడో లెవెల్, నాలుగో లెవెల్ అని పెట్టుకుని ఆడతాం. ఓపెనింగ్ అంతా పుస్తకంలో ఉన్నట్టు, ఒక్క ఎత్తు పొల్లుపోకుండా ఆడుతుంది. గుర్రాలు బయటికొస్తాయి, కోట కట్టుకుంటుంది, ఏనుగు తెరిచిన వరసలోకి వస్తుంది. అంతలో ఏ కారణమూ లేకుండా మంత్రిని తెచ్చి మా బంటు నోటి ముందు పెడుతుంది. చంపేస్తాం. ఆ వెంటనే మళ్లీ గ్రాండ్‌మాస్టర్‌లాగ నాలుగెత్తుల ముందుచూపుతో మా శకటును పట్టేస్తుంది. మా బల్ల దగ్గర ఆడే ఒక పెద్ద మాస్టారు ఒకరోజు అలాంటి ఆట గెలిచి, పావులు సర్దకుండా అలాగే చూస్తూ, "ఇదేటి బాబూ, పదెత్తులు ఆనంద్‌లాగ ఆడీసి పదకొండో ఎత్తుకి మంత్రిని అప్పజెప్పీసింది. నాను గెలిచినట్టా, అది ఒగ్గీసినట్టా?" అన్నారు. ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. మీరే చెప్పాలి.

ఇలా ఎందుకవుతుందో మెకానిక్‌గా నాకు తెలుసు. బలమైన ప్రోగ్రామును బలహీనంగా ఆడించడానికి అందరూ వాడే దారులు రెండో మూడో. ఎన్ని ఎత్తులు ముందుకు చూడాలో తగ్గించడం ఒకటి. మంచి ఎత్తుల జాబితా తయారుచేసి, అందులోంచి అప్పుడప్పుడు కావాలనే కింది ఎత్తును ఎంచడం ఇంకొకటి. స్టాక్‌ఫిష్‌లో 0 నుంచి 20 వరకు ఉండే స్కిల్ లెవెల్ పనిచేసేది ఈ రెండో పద్ధతిలోనే. తాతయ్య మనవడికి కావాలని ఓడిపోయినట్టు ఉంటుంది ఆ ఆట. మనవడికి ఐదేళ్లప్పుడు అది ముద్దుగానే ఉంటుంది. పదేళ్లొచ్చాక వాడికి కోపం వస్తుంది.

మనిషి అలా తప్పు చేయడు. మనిషి తప్పుకు ఒక కారణం ఉంటుంది. దూరం మూల నుంచి ఐమూలగా వచ్చే శకటును చూడడు. గుర్రం వెనక్కి దూకుతుందని తట్టదు. తన దాడి బాగా సాగుతుంటే తన రాజు వెనక వరసలో ఊపిరాడక ఉన్నాడని మర్చిపోతాడు. ఒక పావు గెలిచాక కాస్త నిర్లక్ష్యం వస్తుంది. గడియారంలో రెండు నిమిషాలే మిగిలితే టెన్షన్‌లో దగ్గర్లో ఉన్న బంటును తినేస్తాడు. మాకు ఎదురుగా కూర్చున్నవాడు ఇలాంటి తప్పులు చేస్తే, వాటిని పట్టుకోవడం మేం నేర్చుకోగలం. అదే నేర్పు రేపు బరంపురంలోనో విజయనగరంలోనో టోర్నమెంటుకి వెళ్తే పనికొస్తుంది. పాచికలు వేసి వదిలేసినట్టున్న మంత్రిని చంపడం వల్ల ఎవరికీ ఏమీ రాదు.

దీనికి దారి లేదని మీరు అనలేరు. 2020లో టొరంటో, కార్నెల్ విశ్వవిద్యాలయాల వారు, మైక్రోసాఫ్ట్ పరిశోధకులు కలిసి మాయా అనే ప్రోగ్రాము తెచ్చారు. గెలిచే ఎత్తు ఏదన్నది దాని లెక్క కాదు, ఈ స్థాయి మనిషి ఇక్కడ ఏ ఎత్తు వేస్తాడు అని మాత్రమే ఊహిస్తుంది. 1100 నుంచి 1900 వరకు తొమ్మిది స్థాయిలు, ఒక్కో స్థాయికీ ఆ రేటింగు వాళ్లు నెట్‌లో ఆడిన కోటీ ఇరవై లక్షల ఆటలు చూపించి నేర్పించారు. ముందు ఎత్తుల్ని లెక్కబెట్టకుండా, ఉన్న స్థితిని ఒక్కసారి చూసి జవాబు చెబుతుంది కాబట్టి దానికి పెద్ద ప్రాసెసరు కూడా అక్కర్లేదు. పైగా ఎవరైనా తీసుకుని వాడుకునేలా బయట పెట్టారు. ఇందులోనూ ఒక చిక్కుంది. వేల మంది తప్పుల్ని కలిపి సగటు తీస్తే ఒక్కొక్కరి వింత తప్పులు అందులో కొట్టుకుపోతాయి. అందుకే 1100 అని పేరున్నది ఆ పేరుకంటే గట్టిగానే ఆడుతుంది. నిన్న గాక మొన్న ఎత్తులు నేర్చుకున్న మా పిల్లలకు అంతకంటే కింద కూడా మెట్లు కావాలి. ఆ పని ఎవరో ఒకరు కూర్చుని చేయాలి, మీరే చేయండి. బోర్డుకు ఇంకో రంగు వేయడానికి పెట్టే ఖర్చు దీని మీద పెట్టండి.

ఇంకో మాట. ఈ మధ్య కొన్ని యంత్రాలు మా ఆటను గమనించి, మాకు సరిపోయేలా తమ బలాన్ని తామే పెంచుకుంటూ తగ్గించుకుంటూ పోతున్నాయి. మొదటి వారం బాగుంటుంది. ఆ తర్వాత, మేం ఎంత బాగా ఆడినా అది కూడా అంతే పైకొస్తుంది, ఎంత చెత్తగా ఆడినా అంతే కిందికి దిగుతుంది. మేం ముందుకెళ్లామో లేదో ఎప్పటికీ తెలియదు. మా బల్ల దగ్గర ప్రతివాడికీ ఒక లక్ష్యం ఉంటుంది: ఫలానా వాడిని ఓడించాలి. ఆ ఫలానా వాడు కదలకుండా ఒకచోట ఉండాలి కదా. యంత్రంలో ఒక ఇరవై మంది ఆటగాళ్లను పెట్టండి. ఒక్కొక్కరికీ ఒక పేరు, ఒక స్వభావం ఉండాలి, వాళ్ల బలం మారకూడదు. మా దగ్గర అంచు బంటును రెండో ఎత్తులోనే తోసేసి రాజు మీదకి వచ్చే కుర్రాడు ఒకడున్నాడు. వచ్చిన ప్రతి పావునూ మార్చేసి, చివరికి ఒక్క బంటు ఎక్కువతో నిదానంగా గెలిచే పోస్టల్ ఉద్యోగి ఒకరున్నారు. వాళ్లతో ఎలా ఆడాలో మాకు తెలుసు, ఎందుకంటే వాళ్లు రోజూ వాళ్లలాగే ఆడతారు. ఆడేవాడే కోరితే బలం సర్దుకునే లెవెల్ ఒకటి పక్కన ఉండొచ్చు, కాదనను. మాకు చెప్పకుండా మాత్రం సర్దుకోవద్దు.

యంత్రానికి స్వభావం ఉండటం కొత్త కోరికేమీ కాదు. 1984లో నోవాగ్ వారి సూపర్ కాన్‌స్టెలేషన్ వచ్చింది. 6502 అనే చిప్, 4 మెగాహెర్ట్జ్ వేగం. లెక్క సరిగ్గా తేలకపోయినా పావును బలి ఇచ్చి దాడికి దిగేది. దానికంటే బలమైన యంత్రాలు తర్వాత ఎన్నో వచ్చాయి, ఈనాటికీ ఆ పాతదాన్ని వెతికి కొనుక్కునేవాళ్లు ఉన్నారు. ఆ కాలపు యంత్రాల ప్రోగ్రాముల్ని పాత యంత్రాలను అనుకరించే మేమ్ (MAME) అనే ఎమ్యులేటరులో ఇప్పటి కంప్యూటర్ల మీద నడిపిస్తూ వాటితో ఆడుకునేవాళ్లూ ఉన్నారు. మిలీనియం కంపెనీ వారి యంత్రం ది కింగ్ పెర్ఫార్మెన్స్‌లో ఆట తీరును దూకుడుగానో నెమ్మదిగానో మార్చుకునే వీలుంది, వేగాన్ని పాత యంత్రాల స్థాయికి తగ్గించుకునే వీలూ ఉంది. అంటే మీలో కొందరికి ఈ సంగతి అర్థమైంది. ఆ దారిలోనే ఇంకా ముందుకు వెళ్లండి.

ఇక ఫోన్ల సంగతి. ఇక్కడ నేను కాస్త గట్టిగానే మాట్లాడతాను.

2018 అక్టోబరులో తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటి నేరుగా మా జిల్లా మీదికొచ్చింది. స్తంభాలు ఒరిగిపోయాయి, కొండచరియలు విరిగిపడ్డాయి, రోజుల తరబడి కరెంటు లేదు, ఫోన్లకు సిగ్నల్ లేదు. ఇంట్లో పిల్లలకు చేసేందుకు ఏమీ లేదు. అలాంటప్పుడు మూడు నాలుగు పెన్సిల్ సెల్స్ వేస్తే లేచి ఆడే పాత యంత్రం విలువ ఎంతో మాకు తెలుసు. తుఫాను లేని రోజుల్లో కూడా కొండ పక్క ఊళ్లలో నెట్ ఉందంటే ఉంది, లేదంటే లేదు. మీరు కొత్తగా తెస్తున్న బోర్డుల్లో చాలావాటికి ఆట మొదలవ్వాలంటే ఫోన్ కావాలి, ఫోన్‌లో యాప్ కావాలి, యాప్‌లో అకౌంటు కావాలి. పిల్లలు ఫోన్ వదలాలని తల్లిదండ్రులు బోర్డు కొంటే, ఆ బోర్డు మళ్లీ వాళ్ల చేతికి ఫోన్ ఇస్తోంది.

మా మిత్రుడింట్లో అలాంటి బోర్డు ఒకటి ఉంది. కంపెనీ పేరు ఇక్కడ అనవసరం. మంచి చెక్క, మంచి పావులు. కొన్నాళ్లకు ఆయన ఫోన్ మార్చారు. కొత్త ఫోన్‌లో ఆ యాప్ ఎక్కలేదు. కంపెనీకి రాస్తే జవాబు రాలేదు. బోర్డులో ఏ లోపమూ లేదు, నేనే విప్పి చూశాను, ప్రతి గడీ పనిచేస్తోంది. కానీ ఆడటానికి లేదు. ఇప్పుడు దాని మీద మామూలు పావులు పెట్టుకుని మనుషులమే ఆడుకుంటున్నాం. నలభై ఏళ్ల కిందటి యంత్రం, ప్రోగ్రాము చిప్‌లోనే ఉండటం వల్ల, తయారుచేసిన కంపెనీ మూతపడ్డా ఈ రోజుకీ ఆడుతోంది. మొన్న మొన్న కొన్నదానికి ఆ భాగ్యం లేదు. ఇది సరైన పద్ధతి కాదు. యాప్ ఉంటే ఉండనివ్వండి, నెట్‌లో ఆడాలనుకునేవాళ్లకి అది అవసరమే. అది లేకపోయినా యంత్రం పూర్తిగా ఆడగలగాలి. రేపు మీ కంపెనీ ఉన్నా లేకపోయినా ఆడగలగాలి.

అలా ఆడుతూ ఉండాలంటే బాగుచేసుకునే వీలుండాలి. నా వృత్తి కాబట్టి ఈ విషయం దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుతున్నాను.

పాత చెక్క బోర్డుల్లో ప్రతి గడి కిందా ఒక రీడ్ స్విచ్ ఉంటుంది. బియ్యపు గింజ కంటే కాస్త పొడవైన గాజు గొట్టం, లోపల వెంట్రుకంత ఎడంతో రెండు సన్నని రేకులు. పావు అడుగున అయస్కాంతం ఉంటుంది. పావు గడి మీదికి రాగానే ఆ రేకులు ఒకదానికొకటి అతుక్కుంటాయి, యంత్రానికి కబురు వెళ్తుంది. గాజు ఎక్కడైనా చిట్లితే ఆ ఒక్క గడి చచ్చిపోతుంది. ఈ4 గడి చచ్చిపోతే ఇక ఆట ఏముంది? మీటరు పెట్టి చూస్తే రెండు నిమిషాల్లో తెలిసిపోతుంది, కొత్త స్విచ్ కొన్ని రూపాయలే, పదినిమిషాల టంకం పని. ఇలాంటివి నేను సంతోషంగా చేస్తాను. సెల్స్ తీయకుండా అటకెక్కిస్తే అవి కారి స్ప్రింగుల దగ్గర తెల్లగా, పచ్చగా పొక్కు కడుతుంది. దాన్నీ వెనిగర్‌తో తుడిచి, గరుకు కాగితంతో రుద్ది బాగుచేస్తాను. డిస్‌ప్లేలో గీతలు పోతే విప్పి, గ్లాసుకీ బోర్డుకీ మధ్య ఉండే రబ్బరు పట్టీని స్పిరిట్‌తో శుభ్రం చేస్తే తొంభై పాళ్లు తిరిగొస్తాయి.

చేయలేనివి వేరే ఉన్నాయి. వేలితో నొక్కి ఆడే బోర్డుల్లో పైపొర కింద ప్లాస్టిక్ కాగితం మీద ముద్రించిన తీగలుంటాయి. దాని తోక మడతపడి విరిగితే టంకం పట్టదు, విడిభాగం దొరకదు, యంత్రం మొత్తం మూలపడుతుంది. జిగురుతో అంటించేసిన డబ్బాలు తెరవాలంటే పగలగొట్టాలి. లోపలే అతికేసిన లిథియం బ్యాటరీ కొన్నేళ్లకు ఉబ్బిపోతుంది, అదే కొలతది మా దగ్గర దొరకదు. పాత యంత్రాల అడాప్టర్లు ఇంకో బాధ. మధ్య పిన్ను పాజిటివో నెగెటివో కంపెనీకో తీరు. ఎవరో పాపం రేడియో అడాప్టరు పెడతారు, పొగ వస్తుంది, నా దగ్గరికి వస్తారు.

కాబట్టి అడుగుతున్నాం. డబ్బా స్క్రూలతో బిగించండి. బజార్లో దొరికే సెల్స్ వాడండి, లేదా విప్పి మార్చుకునే బ్యాటరీ పెట్టండి. కరెంటుకి ఇప్పుడు అందరి ఇళ్లలో ఉన్న టైప్-సి చాలు. సర్క్యూట్ డయాగ్రం అందరికీ ఇవ్వండి. ఒకప్పుడు రేడియోతో పాటే ఆ కాగితం వచ్చేది, వెనక మూత లోపల అంటించి ఉండేది. గళ్ల కింద అయస్కాంతాన్ని పసిగట్టే హాల్ సెన్సర్లు వాడితే మా ప్రాంతపు తేమకి ఇంకా మంచిది, వాటిలో కదిలే భాగాలే ఉండవు. ఏది వాడినా విడిభాగాలు పదేళ్లు అమ్మండి. ఇక్కడి నుంచి యూరపుకి పార్సిల్ పంపించి బాగుచేయించుకునే స్తోమత మాలో ఎవరికీ లేదు.

మెఫిస్టో వాళ్లు 1980లలోనే ఒక మంచి పని చేశారు. బోర్డు ఒకటి, ప్రోగ్రాము ఉన్న మాడ్యూల్ ఇంకొకటి. కొత్త ప్రోగ్రాము వస్తే పాత మాడ్యూల్ లాగేసి కొత్తది దూర్చుకోవడమే, చెక్క బోర్డు అలాగే ఉండిపోతుంది. దాన్ని మళ్లీ తేవడానికి అడ్డం ఏమిటో నాకు తెలియడం లేదు. డీజీటీ కంపెనీ వారి సెంటార్ అనే యంత్రం లోపల ఉన్నది చిన్న కంప్యూటరు అయిన రాస్‌ప్‌బెర్రీ పై జీరో అని తెలిశాక, అభిరుచి ఉన్నవాళ్లు దాని ఎస్‌డీ కార్డులో తమకు నచ్చిన ప్రోగ్రాములు వేసుకుని ఆడటం మొదలుపెట్టారు. వాళ్లు ఆ పని కంపెనీ సహాయం లేకుండా చేశారు. తలుపు మీరే తెరిచి ఉంచితే ఇంకెంతమంది మీ బోర్డులు కొంటారో ఆలోచించండి. పైగా ధర కూడా విడిపోతుంది. ఈ ఏడు బోర్డు, పై ఏడు మంచి మాడ్యూల్ అని కొనుక్కునేవాళ్లు మా ఊళ్లలో ఉన్నారు. దిగుమతి సుంకాలతో కలిపి ఒక్కసారే అంత డబ్బు పెట్టగలిగేవాళ్లు తక్కువ.

పావుల గురించి. అంతర్జాతీయ చదరంగ సమాఖ్య ఫిడే ప్రమాణం ప్రకారం రాజు ఎత్తు 9.5 సెంటీమీటర్లు, గడి 5 నుంచి 6 సెంటీమీటర్లు. మీరు అమ్మే చవక యంత్రాల్లో పావులు చిటికెన వేలి గోరంత ఉంటాయి. కొంచెం వయసు మళ్లిన వాళ్లకి శకటేదో బంటేదో తెలియదు. టోర్నమెంటుకి వెళ్లే పిల్లలకి ఇంట్లో ఒక కొలత, అక్కడ ఒక కొలత అయిపోయి కన్ను తడబడుతుంది. కనీసం ఒక మోడల్ అయినా పూర్తి కొలతలో, మితమైన ధరకి చేయండి. చెక్కే కావాలని లేదు. ఎత్తు చూపించే లైటు ప్రతి గడికీ ఉండాలి. అంచుల్లో అడ్డం వరసకి ఒకటి, నిలువు వరసకి ఒకటి పెడితే రెండూ కలిసే గడి వెతుక్కునేసరికి ఆట మీది ధ్యాస పోతుంది.

దీంట్లోనే మా ఊరి తరఫున ఒక ప్రత్యేకమైన విన్నపం ఉంది. పర్లాకిమిడి కొమ్ము పనికి పేరున్న ఊరు. పశువుల కొమ్మును వేడిచేసి, వంచి, చెక్కి పక్షులు, దువ్వెనలు, బొమ్మలు చేసే కుటుంబాలు ఇక్కడున్నాయి. నున్నగా మెరిసే నల్లటి కొమ్ముతో చెక్కిన గుర్రాన్ని చేతిలో పట్టుకుంటే మళ్లీ ప్లాస్టిక్‌ది ముట్టుకోబుద్ధి కాదు. ఇటు ఏటికొప్పాకలో లక్క పూసిన చెక్క బొమ్మలు చేసేవారున్నారు, అటు అమృత్‌సర్‌లో ప్రపంచమంతా కొనే చదరంగం పావులు చెక్కేవారున్నారు. మీ బోర్డు గుర్తుపట్టే అయస్కాంతం బిళ్లల్ని, లేదా ఏ పావో కూడా చెప్పే చిప్ బిళ్లల్ని, విడిగా ఒక పొట్లంలో అమ్మండి. 32 బిళ్లలు, అంతే. మాకు నచ్చిన పావుల అడుగున మేం అంటించుకుంటాం. మీకు పావులు చేయించే ఖర్చు తగ్గుతుంది, మా పనివాళ్లకి నాలుగు ఆర్డర్లు వస్తాయి.

మాట్లాడే యంత్రం కావాలని కూడా చాలామంది అడిగారు. ఇదీ పాత సంగతే, ఫిడెలిటీ వాళ్లు 1979లోనే ఎత్తును పైకి చదివే యంత్రం అమ్మారు. ఇన్నేళ్ల తర్వాత కూడా తెలుగులోనో ఒడియాలోనో ఎత్తు చెప్పేది నేను చూడలేదు. కావలసిన మాటలు ఎన్ని? ఆరు పావుల పేర్లు, ఎనిమిది అక్షరాలు, ఎనిమిది అంకెలు, చెక్, ఆటకట్టు, డ్రా, కోట, ఇంకో పది. ఒక మధ్యాహ్నం రికార్డింగు పని. కళ్లు కనపడని ఆటగాళ్లకి ఇది సరదా కోసం అడిగేది కాదు. వాళ్ల బోర్డులో నల్ల గళ్లు కాస్త ఎత్తుగా ఉంటాయి, ప్రతి గడిలో రంధ్రం ఉంటుంది, పావు అడుగున మేకు ఉంటుంది, ఒక రంగు పావుల తల మీద చిన్న బొడిపె ఉంటుంది. తడిమి చూసినా పావు కదలకుండా, ఏది ఎవరిదో వేలికి తెలిసేలా ఆ ఏర్పాటు. అలాంటి బోర్డు కింద మీ సెన్సర్లు పెట్టి, పైన గొంతు పెడితే, తోడు ఎవరూ లేకపోయినా వాళ్లు రోజంతా సాధన చేసుకోగలరు. గొంతు మాత్రం మామూలుగా మాట్లాడే తెలుగులో ఉండాలి. వాడుక భాష కోసం జీవితమంతా పోరాడిన గిడుగు రామమూర్తి పంతులు గారు మాస్టారుగా పనిచేసిన ఊరి నుంచి అడుగుతున్నాం ఈ మాట.

చిన్న చిన్నవి కొన్ని ఉన్నాయి, త్వరగా చెప్పేస్తాను. ఎత్తుకు ఇన్ని సెకన్లు కలిసే గడియారం ఇప్పుడు టోర్నమెంటుల్లో మామూలైపోయింది, యంత్రంలోనూ ఉండాలి. మా వంతులో అది ఆలోచించకుండా ఆపే వీలుండాలి. రాత్రి పూట ఇల్లంతా పడుకున్నాక ఆడతాం కాబట్టి బీప్ శబ్దం పూర్తిగా ఆగాలి, తగ్గడం కాదు. ఆడిన ఆటలు మెమొరీ కార్డులోకి వెళ్లాలి. తన లెక్క ఏమిటో, ఎవరిది పైచేయి అనుకుంటోందో అడిగితేనే చూపించాలి, అడక్కుండా చూపిస్తే ఆడేవాడు ఆలోచించడం మానేస్తాడు. పుస్తకంలోని చిక్కు స్థితిని పేర్చి ఆడించుకోవడానికి ఇప్పుడున్నట్టు డజను మీటలు నొక్కనక్కర్లేకుండా, పావులు పెడితే చాలు అదే అర్థం చేసుకోవాలి.

ఇవన్నీ అడుగుతున్నారు, కొనేవాళ్లెవరు అని మీలో ఎవరైనా అనుకోవచ్చు. 2024లో మన దేశం బుడాపెస్ట్ ఒలింపియాడ్‌లో ఓపెన్ విభాగంలోనూ మహిళల విభాగంలోనూ స్వర్ణం గెలిచింది. అదే ఏడాది డిసెంబరులో గుకేష్ ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు, కోనేరు హంపి రెండోసారి ప్రపంచ ర్యాపిడ్ గెలిచింది, హనుమకొండ కుర్రాడు అర్జున్ ఎరిగైసి 2800 రేటింగు దాటాడు. 2025 జులైలో మహిళల ప్రపంచ కప్ ఫైనల్లో నాగపూర్ అమ్మాయి దివ్యా దేశ్‌ముఖ్ మన హంపితోనే తలపడి గెలిచింది. ఇద్దరూ మనవాళ్లే అయిన ఆ ఫైనల్‌ని మా కొట్టులో బాగుచేయడానికొచ్చిన టీవీ మీద గుంపుగా చూశాం. ఆ తర్వాత నుంచి బల్ల దగ్గరికి ఆడపిల్లలు కూడా వస్తున్నారు. కోచింగ్ కోసం విశాఖో భువనేశ్వరో వెళ్లే వీలు వాళ్లలో ఎక్కువమందికి లేదు. ఇంట్లో సమ ఉజ్జీ లేడు. అలాంటి పిల్లలున్న ఊళ్లు శ్రీకాకుళం నుంచి కోరాపుట్ దాకా, అటు మహారాష్ట్రలో సిరొంచ నుంచి కిన్వట్ దాకా ఎన్ని ఉన్నాయో మీ అమ్మకాల వాళ్లని లెక్కవేయమనండి.

మేం ఊరికే అడగడం లేదు. మీలో ఎవరైనా ఒక నమూనా యంత్రం పంపితే జూన్ నుంచి అక్టోబరు దాకా, మా వానల్లో, మా తేమలో, మా కరెంటు మీద, రోజూ పదిమంది చేతుల్లో ఆడించి చూస్తాం. ఏ గడి ముందు మొరాయించిందో, ఏ లెవెల్‌లో ఏ ఎత్తు మనిషి ఎత్తులా లేదో ఆటలతో సహా రాసి పంపుతాం. లోపల విరిగినదాన్ని ఎలా బాగుచేశామో ఫోటోలు పెడతాం. తెలుగు గొంతుకి పైన చెప్పిన మాస్టారు ఒప్పుకున్నారు, ఒడియాకి ఆయన శిష్యురాలు ఉంది. మాకు డబ్బులేమీ అక్కర్లేదు, పరీక్ష అయ్యాక యంత్రం తిరిగి పంపించేస్తాం. నమూనాతో పాటు సర్క్యూట్ డయాగ్రం, ఒక పొట్లం రీడ్ స్విచ్‌లు తప్పకుండా పెట్టండి.

ఇట్లు,
పర్లాకిమిడి బల్ల ఆటగాళ్లందరి తరఫున,
ఒక రేడియో మెకానిక్